మాంట్రోజ్: ఒడంబడికపై సంతకం పెట్టినవాడు, రాజు కోసం ఉరెక్కినవాడు

1780ల్లో మధురలో ఒక కంసాలి వెండి కలశం చేశాడు. దాని మీద తమిళంలోనూ తెలుగులోనూ ఒక మనిషి కథ క్లుప్తంగా చెక్కాడు. ఆ మనిషికి మధురతో గానీ, మన భాషలతో గానీ బతికుండగా ఏ సంబంధమూ లేదు. అప్పటికి 130 ఏళ్ల కిందట ఎడిన్‌బరో నడిబజారులో ఉరితీసిన స్కాట్లండ్ ప్రభువు ఆయన. పేరు జేమ్స్ గ్రేహమ్, మాంట్రోజ్ మార్క్విస్. కలశం లోపల ఉన్నది ఆయన గుండె.

అది అక్కడిదాకా ఎలా వచ్చిందో చివర్లో చెప్తాను. ముందు ఆయన కథలోని చిక్కుముడి విప్పాలి.

మాంట్రోజ్‌ను చరిత్ర పుస్తకాలు ఒక్క ముక్కలో పరిచయం చేస్తాయి: రాజభక్తుడు అని. చదవడం మొదలుపెట్టగానే తల తిరుగుతుంది. ఈ రాజభక్తుడు 1638లో రాజును ఎదిరించే పత్రం మీద సంతకం పెట్టాడు. 1640లో రాజు సైన్యం మీదికి వెళ్తూ ముందుగా నదిలో దిగాడు. 1644లో అదే రాజు జెండా పట్టుకుని నిన్నటి సహచరులను ఊచకోత కోశాడు. 1650లో రాజుగారి కొడుకు పంపితే యుద్ధానికి వెళ్లి, ఆ కొడుకు ఎవరితో రాజీ పడ్డాడో వాళ్ల చేతుల్లోనే ఉరికంబం ఎక్కాడు. పార్టీ ఫిరాయించాడని శత్రువులన్నారు. మహావీరుడని అభిమానులన్నారు. నాకు మాత్రం ఆయన పెద్దగా మారినట్టు అనిపించదు. ఆయన చుట్టూ ఉన్నవాళ్లు ‘రాజు’ అన్న మాటకీ, ‘ఒడంబడిక’ అన్న మాటకీ చెప్పే అర్థాలే ఏటేటా మారాయి.

కథ అర్థం కావాలంటే ముందు ఇది తెలియాలి. 1603 నుంచి ఇంగ్లండ్‌కీ స్కాట్లండ్‌కీ రాజు ఒక్కడే, కానీ రాజ్యాలు రెండు. పార్లమెంట్లు వేరు, చట్టాలు వేరు, చర్చీలు వేరు. మొదటి చార్లెస్ పుట్టింది స్కాట్లండ్‌లోనే. పెరిగింది, ఏలింది లండన్ నుంచి. 1625లో గద్దెనెక్కినవాడు స్కాట్లండ్ కిరీటం పెట్టించుకోవడానికి 1633లో గానీ రాలేదు. సొంత ఊరి వ్యవహారం ఎనిమిదేళ్లు ఉత్తరాల మీద నడిపిన పెద్దమనిషి అన్నమాట.

రెండో సంగతి చర్చి. ఇంగ్లండ్ చర్చిలో బిషప్పులుంటారు, వాళ్ల పైన రాజు ఉంటాడు. స్కాట్లండ్‌లో ఎక్కువమంది కోరుకున్నది ప్రెస్బిటీరియన్ పద్ధతి. అందులో పాస్టర్లు, సంఘ పెద్దలు సభలుగా కూర్చుని నిర్ణయాలు తీసుకుంటారు. బిషప్పు ఉండాలా వద్దా అన్నది మనకి చిన్న విషయంలా కనిపించొచ్చు. కానీ దోర్నకల్ బిషప్ అజరయ్య లాంటి వాళ్లు 1919లో మొదలుపెట్టిన చర్చలు 1947లో సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడేదాకా సాగడానికి ముఖ్య కారణాల్లో ఇదే ప్రశ్న ఒకటి. మనవాళ్లు దాన్ని బల్ల చుట్టూ కూర్చుని తేల్చుకున్నారు. స్కాట్లండ్‌లో కత్తులతో తేల్చుకున్నారు.

1637లో చార్లెస్ స్కాట్లండ్ పార్లమెంటునూ చర్చి సభనూ అడక్కుండా ఒక కొత్త ప్రార్థన పుస్తకాన్ని రుద్దాడు. జులై 23న ఎడిన్‌బరో సెయింట్ జైల్స్ చర్చిలో దాన్ని చదవడం మొదలుపెట్టగానే గొడవ లేచింది. జెన్నీ గెడిస్ అనే కూరగాయలమ్మే ఆవిడ తను కూర్చున్న స్టూలు తీసి పాస్టరు మీద విసిరిందని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ స్టూలు సంగతి నిజమో కాదో గానీ, అల్లరి మాత్రం నిజం. ఏడాది తిరక్కుండానే, 1638 ఫిబ్రవరి 28న, గ్రేఫ్రయర్స్ చర్చిలో ‘జాతీయ ఒడంబడిక’ మీద సంతకాలు మొదలయ్యాయి. ముందు వరసలో సంతకం పెట్టిన ప్రభువుల్లో మాంట్రోజ్ ఒకడు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు.

ఆయన నేపథ్యం గురించి రెండు మాటలు. 1612లో పుట్టాడు. 14 ఏళ్లకే తండ్రి పోతే ఎర్ల్ (ప్రభువుల్లో ఒక హోదా) అయ్యాడు. చదువు సెయింట్ ఆండ్రూస్‌లో. అక్కడ విలువిద్యలో పతకం గెలిచాడు. 17 ఏళ్లకి మాగ్డలీన్ కార్నెగీతో పెళ్లి. సంరక్షకుల్లో ముఖ్యుడు ఆయన బావ ఆర్చిబాల్డ్ నేపియర్. ఈ బావ లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ కొడుకు. లెక్కల మాస్టారు లాగ్ టేబుల్స్ ఇచ్చి ఏడిపించిన వాళ్లందరికీ ఆ ఇంటిపేరు గుర్తుంటుంది. కథలో అది మళ్లీ వస్తుంది.

ఫ్రాన్స్, ఇటలీ తిరిగి 1636లో వచ్చినప్పుడు లండన్‌లో రాజదర్శనానికి వెళ్తే చార్లెస్ చెయ్యి ముద్దు పెట్టుకోవడానికి ఇచ్చి మొహం తిప్పేసుకున్నాడట. ఆ అవమానంతోనే ఒడంబడికలో చేరాడని కొందరంటారు. అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆ తర్వాత పన్నెండేళ్లు ఆయన చేసిన పనులన్నీ ఆ పత్రంలో ఉన్న మాటల చుట్టూనే తిరిగాయి.

ఇంతకీ ఆ పత్రంలో ఏముంది? మా మతాన్ని, మా చట్టాలను కాపాడుకుంటాం అని ప్రమాణం ఉంది. దాని పక్కనే రాజుగారి శరీరాన్ని, అధికారాన్ని కాపాడతాం అని కూడా ప్రమాణం ఉంది. అసలు ముడి ఇక్కడే. సంతకం పెట్టిన వాళ్లలో చాలామందికి రెండో వాక్యం మర్యాద కోసం రాసిన మాట. మాంట్రోజ్‌కి రెండూ ఒక్క బరువే. రాజు చట్టం దాటితే అడ్డుకోవాలి. అలాగని రాజు అధికారాన్ని లాక్కుని ఇంకొకడు నెత్తిన పెట్టుకుంటే వాణ్నీ అడ్డుకోవాలి.

ఆ ఇంకొకడు ఎవరో త్వరలోనే తేలింది. ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్, ఆర్గైల్ ప్రభువు. పశ్చిమ కొండల్లో ఆయన మాటే వేదం. తెలివైనవాడు, ఓపికమంతుడు, దైవభక్తుడు, యుద్ధం మాత్రం చేతకాదు. ఒడంబడికలోకి మాంట్రోజ్ కంటే ఆలస్యంగా వచ్చి, రెండేళ్లలో దాన్ని తన గుప్పిట్లోకి తెచ్చుకున్నాడు.

ఈలోగా మాంట్రోజ్ ఒడంబడిక సేనానిగా పనిచేశాడు. 1639లో అబర్డీన్ పట్టణాన్ని లొంగదీశాడు. రాజు పక్షాన ఉన్న హంట్లీ ప్రభువును, ఏ హానీ ఉండదని మాటిచ్చి పిలిపిస్తే, ఆయన్ని ఎడిన్‌బరోకి బందీగా పట్టుకుపోయారు. మాట తప్పింది మాంట్రోజ్ ఒక్కడేనా, మిగతా వాళ్ల ఒత్తిడా అన్నది అనవసరం. హంట్లీ దాన్ని చచ్చేదాకా మర్చిపోలేదు. అయిదేళ్ల తర్వాత ఇద్దరూ ఒకే రాజు పక్షాన ఉన్నా, ఆయన మాంట్రోజ్‌తో మనస్ఫూర్తిగా కలిసిరాలేదు. హంట్లీ వంశమైన గోర్డన్‌ల గుర్రపు దళం ఒక యుద్ధంలో ఉండి ఇంకో యుద్ధంలో లేకపోవడం వెనక ఈ పాత కోపం ఉంది.

1640 ఆగస్టులో స్కాట్ సైన్యం ఇంగ్లండ్ మీదికి నడిచినప్పుడు ట్వీడ్ నదిలోకి ముందు దిగింది మాంట్రోజే. అదే నెలలో ఆయనే రహస్యంగా, ఆర్గైల్ ఏకపక్ష పెత్తనానికి వ్యతిరేకంగా కంబర్నాల్డ్‌లో ఇంకొందరు ప్రభువులతో ఒక పత్రం రాయించాడు. ఒక చేత్తో రాజు మీద కత్తి, ఇంకో చేత్తో రాజు కోసం కాగితం. గోడ మీద పిల్లి అనడం తేలికే. కానీ గోడ మీద పిల్లి ఎప్పుడూ గెలిచే వైపుకే దూకుతుంది. ఈయన దూకిన వైపు ఓడిపోతున్న వైపు. ఆ పత్రం బయటపడి, రాజుతో ఉత్తరాలు నడుపుతున్నాడని 1641లో ఎడిన్‌బరో కోటలో అయిదు నెలలు జైల్లో పెట్టారు. ఆ ఏడాదే స్కాట్లండ్ వచ్చిన చార్లెస్ అందర్నీ మంచి చేసుకుందామని ఆర్గైల్‌ను ఎర్ల్ నుంచి మార్క్విస్‌గా పెంచాడు. జైలుకెళ్లింది ఒకరు, బిరుదు వచ్చింది ఇంకొకరికి.

1643లో ఇంగ్లండ్‌లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం నడుస్తోంది. పార్లమెంటు స్కాట్లండ్‌ను సాయం అడిగింది. దానికి బదులుగా ఇంగ్లండ్‌లో కూడా ప్రెస్బిటీరియన్ చర్చి తెస్తామన్నట్టు మాటిచ్చింది. దీన్ని కూడా ‘ఒడంబడిక’ అనే పిలిచారు. పేరు ఒకటే కావడంతో చదివేవాళ్లు ఇక్కడే తికమకపడతారు. 1638 నాటిది స్కాట్లండ్ తన హక్కుల కోసం చేసుకున్న ప్రమాణం. 1643 నాటిది పక్క రాజ్యంలో రాజును ఓడించడానికి సైన్యం పంపే ఒప్పందం. మొదటిదానికి కట్టుబడ్డవాడు రెండోదానికీ కట్టుబడాలని ఎక్కడా లేదు. చివరి రోజు దాకా మాంట్రోజ్ చెప్పింది ఇదే: నేను మొదటి ఒడంబడికను ఎప్పుడూ వదల్లేదు, రెండోది మాత్రం నాది కాదు. మతం విషయంలోనూ ఆయన ప్రెస్బిటీరియన్‌గానే ఉన్నాడు. బిషప్పుల పెత్తనం ఆయనకి చివరిదాకా నచ్చలేదు.

1644 మొదట్లో దాదాపు 20,000 మంది స్కాట్ సైనికులు సరిహద్దు దాటి ఇంగ్లండ్‌లోకి వెళ్లారు. రాజు మాంట్రోజ్‌ను మార్క్విస్‌ను చేసి, స్కాట్లండ్‌లో తన ప్రతినిధిగా నియమించాడు. సైన్యం మాత్రం ఇవ్వలేదు, లేదు కాబట్టి. ఆగస్టులో మాంట్రోజ్ గుర్రాల కాపరి వేషంలో, ఇద్దరే ఇద్దరు తోడుగా సరిహద్దు దాటాడు. బ్లేర్ అథోల్ దగ్గర మక్‌డొనాల్డ్ తెగవాడైన అలస్డెర్ మక్‌కొల్లా ఐర్లండ్ నుంచి తెచ్చిన సుమారు 2,000 మందితో కలిశాడు. ఇక ఒక ఏడాదిలో ఆరు గెలుపులు: టిప్పర్‌మ్యూర్, అబర్డీన్, ఇన్వర్లాకీ, ఆల్డర్న్, ఆల్ఫర్డ్, కిల్‌సైత్.

ఇదెలా సాధ్యమైంది? ఆయన మేధావి అని ఒక్కమాటలో తేల్చేస్తారు. ఉన్నమాటే, కానీ మిగతా కారణాలూ ఉన్నాయి. ఆరితేరిన స్కాట్ దళాల్లో ఎక్కువ భాగం ఇంగ్లండ్‌లో ఉంది. ఎదురొచ్చినవాళ్లలో చాలామంది కొత్తగా చేరినవాళ్లు. మక్‌కొల్లా మనుషులు దగ్గరిదాకా వచ్చి ఒక్కసారి తుపాకులు పేల్చి, వాటిని కింద పడేసి కత్తులతో పరుగెత్తి మీదపడతారు. తుపాకీలో మళ్లీ మందు దట్టించడానికి టైమ్ పట్టే ఆ రోజుల్లో ఇది గుండెలు జారిపోయే దెబ్బ. పైగా కొండ తెగల్లో మక్‌డొనాల్డ్‌లకీ క్యాంప్‌బెల్‌లకీ తరాల పగ. వాళ్లలో చాలామంది రాజు కోసం వచ్చారనుకోవడం అమాయకత్వం. క్యాంప్‌బెల్‌ల మీదికి వెళ్లే దారి రాజుగారి జెండా కింద దొరికింది, అంతే.

ఇన్వర్లాకీ దగ్గర కాసేపు ఆగాలి. 1645 జనవరి చివర. నెస్ సరస్సు కొసన మాంట్రోజ్ దగ్గర 1,500 మంది ఉన్నారు. ముందు ఇన్వర్నెస్ వైపు ఒక శత్రు సైన్యం, వెనక ముప్ఫై మైళ్ల దూరంలో ఆర్గైల్ సైన్యం. లోయలో నడిస్తే గూఢచారులు చూస్తారు. అందుకని మంచు పేరుకున్న కొండల మీదుగా చుట్టుతిరిగి నడిచారు. వండుకోవడానికి నిప్పు లేదు; ఓట్స్ పిండిని చన్నీళ్లలో కలుపుకుని తిన్నారు. ఫిబ్రవరి 2 తెల్లవారేసరికి, బ్రిటన్‌లోకెల్లా ఎత్తయిన బెన్ నెవిస్ కొండ పాదాల దగ్గర, ఆర్గైల్ శిబిరం మీద ఉన్నారు. భుజం గాయంతో ఉన్న ఆర్గైల్ యుద్ధాన్ని సరస్సులోని తన పడవ మీద నుంచి చూశాడు. ఆయన మనుషులు సుమారు 1,500 మంది చచ్చిపోయారు. ఆయన పడవ తెరచాప ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ నడకలు ఊరికే రాలేదు: వెంట తిరిగిన మాంట్రోజ్ పెద్దకొడుకు, పధ్నాలుగేళ్లవాడు, ఆ ఏడాది మొదట్లోనే జబ్బుపడి పోయాడు.

అభిమానులు చప్పున దాటేసే ఘట్టం అబర్డీన్. 1644 సెప్టెంబర్ 13న, లొంగిపొమ్మని కబురు పంపినప్పుడు వెంట వెళ్లిన డప్పు కుర్రాణ్ని ఎవరో కాల్చేశారు. మాంట్రోజ్ కోపం పట్టలేకపోయాడు. యుద్ధం గెలిచాక సైన్యాన్ని ఊరి మీదికి వదిలేశాడు. వందకు పైగా ఊరివాళ్లు చనిపోయారు; దోపిడీ, ఆడవాళ్ల మీద అత్యాచారాలు రోజుల తరబడి సాగాయి. గమనించాల్సిందేమిటంటే, ఒడంబడికను స్కాట్లండ్‌లో అందరికంటే గట్టిగా వ్యతిరేకించిన పట్టణం అదే. 1639లో ఇదే మాంట్రోజ్ వచ్చి, ఒడంబడికకు తలొంచలేదని వాళ్లను వంచాడు. అయిదేళ్లకి మళ్లీ ఆయనే వచ్చి, ఒడంబడిక వైపు ఉన్నారని చంపించాడు. ఆయన ఎంత నిలకడ గల మనిషో నేను పైన వాదించాను. ఆ వాదన అబర్డీన్ వీధుల్లో ఎవరికీ పనికిరాలేదు. రాజకీయంగానూ అదే ఆయన్ని ముంచింది. ఐరిష్ క్యాథలిక్ సైనికులను ఊళ్ల మీదికి తెచ్చినవాడిగా మైదాన ప్రాంతాల జనం ఆయన్ని చూశారు. ఎన్ని యుద్ధాలు గెలిచినా వాళ్ల మనసు గెలవలేదు.

1645 ఆగస్టు 15న కిల్‌సైత్ తర్వాత స్కాట్లండ్ మొత్తం ఆయన చేతిలో ఉన్నట్టు కనిపించింది. నెల తిరక్కుండా సెప్టెంబర్ 13న ఫిలిప్‌హా దగ్గర అంతా పోయింది. గ్లాస్గోను దోచుకోవద్దన్నాడు కాబట్టి కొండమనుషులు సణుక్కుంటూ ఇళ్లకు వెళ్లిపోయారు. మక్‌కొల్లా క్యాంప్‌బెల్‌ల మీద తన సొంత యుద్ధానికి పడమటికి పోయాడు. గోర్డన్‌లు అలిగి వెళ్లిపోయారు. మిగిలిన కొద్దిమంది మీద ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చిన డేవిడ్ లెస్లీ వేల గుర్రాలతో పొగమంచులో విరుచుకుపడ్డాడు. ప్రాణాలు కాపాడతామన్న మాట మీద లొంగిన ఐరిష్ సైనికులను తర్వాత చంపారు. శిబిరంలోని వాళ్ల ఆడవాళ్లను, పిల్లలను కూడా వదల్లేదు. ఈ పని చేసినవాళ్లు బైబిల్ మీద ప్రమాణం చేసిన ఒడంబడిక పక్షం. కాబట్టి అబర్డీన్ గురించి ఎవరూ ఎవరికీ నీతులు చెప్పే స్థితిలో లేరు.

1646లో చార్లెస్ తానే వెళ్లి స్కాట్ సైన్యానికి లొంగిపోయి, ఆయుధాలు దించెయ్యమని మాంట్రోజ్‌కి రాశాడు. మాంట్రోజ్ నార్వే ఓడెక్కాడు. పవిత్ర రోమన్ చక్రవర్తి ఆయనకి ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చాడు. అక్కడే హాయిగా బతికేయొచ్చు. 1649 జనవరి 30న లండన్‌లో రాజు తల నరికారన్న వార్త వచ్చినప్పుడు స్పృహ తప్పి పడిపోయాడని చెప్తారు.

ఇక రాజుగారి కొడుకు రెండో చార్లెస్. వయసు పద్దెనిమిది, చేతిలో రాజ్యం లేదు, డబ్బు లేదు. ఒకవైపు హాలండ్‌లోని బ్రెడాలో ఒడంబడిక పక్షంతో బేరాలు మొదలుపెడుతూ, ఇంకోవైపు మాంట్రోజ్‌కి స్కాట్లండ్ మీదికి వెళ్లమని ఉత్తరాలు రాశాడు. వాటితోపాటు రాజు ఇచ్చే గొప్ప గౌరవాల్లో ఒకటైన గార్టర్ బిరుదు కూడా పంపాడు. మాంట్రోజ్ గెలిస్తే యుద్ధంతో వచ్చే సింహాసనం, గెలవకపోయినా ఆయన పేరు చెప్పి బేరంలో కాస్త ఎక్కువ గుంజొచ్చు. చదరంగంలో ముందుకు తోసిన బంటు అన్నమాట. మాంట్రోజ్‌కి ఇది అర్థం కాలేదనుకోను. అయినా వెళ్లాడు.

ఓర్క్నీ దీవుల నుంచి దాటి, 1650 ఏప్రిల్ 27న కార్బిస్‌డేల్ దగ్గర రెండొందల చిల్లర గుర్రపు రౌతుల దాడికి ఆయన సైన్యం చెదిరిపోయింది. ఎక్కువమంది ఓర్క్నీ రైతులు, యుద్ధం ఎరగనివాళ్లు. మాంట్రోజ్ కొండల్లో తిండి లేక తిరిగి తిరిగి అసింట్ సరస్సు ఒడ్డున ఆర్డ్‌వ్రెక్ కోటలో నీల్ మక్‌లియోడ్ చేతికి చిక్కాడు. మక్‌లియోడ్ ఆయన్ని అప్పగించేశాడు. బహుమానం 25,000 స్కాట్ పౌండ్లు. స్కాట్ పౌండ్లు పన్నెండు పెడితే ఒక ఇంగ్లిష్ పౌండు, కాబట్టి అంకె చూసి కంగారు పడక్కర్లేదు. అందులోనూ కొంత ఓట్స్ పిండి రూపంలో ఇవ్వజూపారట. అక్కడ బ్రెడాలో మే 1న రెండో చార్లెస్ ఒడంబడిక పక్షంతో ఒప్పందం మీద సంతకం పెట్టాడు.

మే 18న ఆయన్ని ఎడిన్‌బరోలోకి తెచ్చారు. ఎత్తయిన బండి, దాని మీద తల మీద టోపీ లేకుండా కట్టేసిన మనిషి, ముందు తలారి. జనం రాళ్లు విసురుతారని అనుకున్నారు, జనం ఊరకుండిపోయారు. దారిలో మోరే హౌస్ దగ్గర బండి ఆగింది. లోపల ఆర్గైల్ కొడుకు పెళ్లి సందడి. కిటికీ రెక్క సందులోంచి ఆర్గైల్ చూస్తుండగా మాంట్రోజ్ తలెత్తాడు. ఆర్గైల్ పక్కకి తప్పుకున్నాడు. ఇన్వర్లాకీలో పడవ, ఇక్కడ కిటికీ.

విచారణ లేదు, 1644లోనే ఆయన లేనప్పుడు శిక్ష వేసి పెట్టారు. 21న ఉరి. పొద్దున జుట్టు దువ్వుకుంటుంటే ఒడంబడిక రాసినవాళ్లలో ఒకడైన వారిస్టన్ వచ్చి, చావబోయే ముందు ఈ పనేంటని ఈసడించాడట. తల ఇంకా నాదే, సాయంత్రం మీదయ్యాక మీ ఇష్టం అన్నాడట మాంట్రోజ్. ముప్ఫై అడుగుల ఉరికంబం. ఆయన యుద్ధాల గురించి ఆయన చాప్లిన్ (వెంట ఉండే పాస్టరు) లాటిన్‌లో రాసిన పుస్తకాన్ని అవమానంగా మెడకి కట్టారు. గార్టర్ పతకం కంటే ఇదే గొప్ప అని ఆయన జవాబు. తర్వాత తల నరికి టోల్‌బూత్ జైలు మీద ఇనుప మేకుకి గుచ్చారు. కాళ్లూ చేతులూ గ్లాస్గో, పెర్త్, స్టర్లింగ్, అబర్డీన్‌లకు పంపారు. మొండాన్ని ఊరి బయట పాతారు.

రెండో చార్లెస్ జూన్‌లో స్కాట్లండ్‌లో దిగి ఒడంబడిక మీద సంతకం పెట్టాడు. 1651 జనవరి 1న స్కోన్‌లో పట్టాభిషేకం. కిరీటం తల మీద పెట్టింది ఆర్గైల్. మాంట్రోజ్ తల మాత్రం టోల్‌బూత్ మీద పదేళ్లు ఎండకి ఎండి, వానకి తడిసింది. 1660లో చార్లెస్ లండన్‌లో గద్దె ఎక్కాక లెక్కలు తిరగబడ్డాయి. మాంట్రోజ్ అవయవాలన్నీ పోగుచేసి 1661 మే 11న సెయింట్ జైల్స్‌లో రాజలాంఛనాలతో సమాధి చేశారు. సరిగ్గా పదహారు రోజులకి, మే 27న, మొదటి చార్లెస్ తల నరికించిన పక్షం నాయకుడు క్రామ్‌వెల్‌తో కుమ్మక్కయ్యాడని ఆర్గైల్ తల నరికారు. గుచ్చింది అదే మేకుకి. ఆయన కూడా చివరిదాకా తాను రాజభక్తుణ్ననే అన్నాడు. కిరీటం పెట్టిన చేతులు కాబట్టి కొట్టిపారేయలేం.

ఇప్పుడు గుండె సంగతి. ఉరి తర్వాత రెండో రాత్రి, మాంట్రోజ్ మేనల్లుడు నేపియర్ ప్రభువు భార్య ఎలిజబెత్ మనుషులను పంపి పాతిన మొండెం తవ్వించి గుండె తీయించింది. పరిమళ ద్రవ్యాలతో భద్రపరచి, మాంట్రోజ్ కత్తి ఉక్కుతో చేసిన చిన్న బరిణెలో, దాన్ని బంగారు పెట్టెలో పెట్టింది. తరాలు గడిచాక అది ఆ వంశంలోని ఒక నేపియర్ ప్రభువు కూతురు హెస్టర్ చేతికొచ్చింది. ఆమె భర్త శామ్యూల్ జాన్‌స్టన్ ఉద్యోగం మధురలో. ఓడలో వస్తుంటే ఫ్రెంచివాళ్లు దాడి చేశారు. బంగారు పెట్టె పగిలింది, ఉక్కు బరిణెకి ఏమీ కాలేదు. మధురలో కంసాలి చేత కొత్త పెట్టె, వెండి కలశం చేయించి, దక్షిణాదిలో ఎక్కువమందికి తెలిసిన భాషలని తమిళం, తెలుగుల్లో కథ చెక్కించింది హెస్టర్. ఇదంతా ఆమె కొడుకు అలెగ్జాండర్ జాన్‌స్టన్ చెప్పిన వివరం. సిలోన్ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన మనిషి ఆయన. ఆయన సాక్ష్యం ప్రకారమే, మన ఊళ్ల కైఫియత్తులు (ఊరి చరిత్రలు) సేకరించిన కాలిన్ మెకంజీకి మధుర పండితులను పరిచయం చేసింది కూడా ఈ హెస్టరే. జాన్ నేపియర్ జీవితచరిత్ర కోసం, హిందువులకి తెలిసిన గణితం గురించి వాకబు చేసే పని మీద వచ్చిన మెకంజీకి ఆ పరిచయాలతోనే ప్రాచీన గ్రంథాల సేకరణ రుచి తగిలిందట.

ఆ కలశం దగ్గరుంటే యుద్ధంలో గాయం కాదని మధుర చుట్టుపక్కల పుకారు పుట్టింది. దాంతో దాన్ని ఎవరో దొంగిలిస్తే ఒక పాలెగాడు పెద్ద మొత్తానికి కొనుక్కున్నాడు. అలెగ్జాండర్ జాన్‌స్టన్ కుర్రవాడిగా ఆ పాలెగాడితో వేటకెళ్లి ధైర్యం చూపించి, ఏం కావాలో కోరుకోమంటే కలశం అడిగాడు. పాలెగాడు మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. తర్వాత ఆర్కాట్ నవాబు మీద తిరగబడి మరణశిక్ష పడ్డప్పుడు, తన వాళ్లు తన గుండెను కూడా ఆ దొరగారి గుండెలాగే దాచుకుంటే బాగుండునని ఆ పాలెగాడు అన్నాడట.

జాన్‌స్టన్ దంపతులు యూరప్ తిరిగి వెళ్తూ 1792లో ఫ్రాన్స్‌లో చిక్కుకున్నారు. విప్లవ ప్రభుత్వం అందరి బంగారం, వెండి అప్పగించమంది. హెస్టర్ కలశాన్ని బులోన్ పట్టణంలో ఒక ఆంగ్ల మహిళ దగ్గర దాచిపెట్టమని ఇచ్చింది. కొద్ది రోజులకే ఆ మహిళ చనిపోయింది. ఆ తర్వాత కలశం గానీ, గుండె గానీ, దాని మీద చెక్కిన నాలుగు తెలుగు ముక్కలు గానీ ఎవరికీ కనిపించలేదు.